ఇప్పకుండ మీద పుట్టిన కరెంటు

మా ఊళ్ళో స్తంభాలు పాతి, తీగలు లాగకుండా వదిలేసిన ఆ రోజుల్లో, తర్లగూడ చుట్టుపక్కల కరెంటు గురించి నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదని నా నమ్మకం. మిర్చి ఏరడానికి సరిహద్దు దాటి తెలంగాణ పోయినప్పుడు అక్కడి గ్రంథాలయంలో అట్ట ఊడిన పుస్తకమొకటి మొత్తం చదివాను మరి. బొగ్గు కాల్చినా, గ్యాసు మండించినా, అణువును పగలగొట్టినా చివరికి చేసేది నీళ్ళు మరిగించి ఆవిరితో చక్రం తిప్పడమే. ఆనకట్ట దగ్గర ఆ పని నీళ్ళు చేస్తాయి, గుట్ట మీద గాలి చేస్తుంది. చక్రంతో అయస్కాంతం తిరిగితే తీగచుట్టలో కరెంటు పుడుతుంది. ఎండ పలకకు, అదే సోలారుకు, మాత్రం చక్రమే అక్కర్లేదు. ఈ సంగతి ఊరందరికీ చెప్పాను. (మేకలకు కూడా చెప్పాను. చివరిదాకా విన్నవి అవే.)

ఆ ఎండాకాలం తాత మంచం పట్టాడు. ఆసుపత్రివాళ్ళు "ఘర్ లే జావో" అని ఇంటికి పంపేశారు. స్తంభాలు పాతిన ఏడే తాత సంతలో ఒక బల్బు కొని దూలానికి వేలాడదీశాడు. దాని మీది దుమ్ము తనే తుడిచేవాడు. ఇప్పుడు లేవలేక, పడుకునే దాన్ని చూస్తూ "ఒక్కపాలి ఎలుగు సూసి పోతరా" అన్నాడు. తీగలు వచ్చేదాకా తాత ఉండడని ఇంట్లో అందరికీ తెలుసు. నేనున్నాను కదా అనుకున్నాను.

వాగు ఎండిపోయింది. ఆకు కదలడం లేదు. ఎండ పలక కొనే స్తోమత లేదు. మిగిలింది మరిగించడమే. ఆ రాత్రి మా ఇంట్లో మరుగుతున్నది ఒక్కటే, నాయనమ్మ పొయ్యి మీద పులిసిన ఇప్పపువ్వు కుండ. చనిపోయిన పెద్దల కొలుపుకు సారా దించుతోంది. మొదటి చుక్కలు నేల మీద పెద్దలకు పోయనిదే మా ఇంట్లో ఎవరూ నాలుకకు తాకించరు. ఆవిరి ఏదైనా ఆవిరే అని నేను నూనెడబ్బా రేకుతో చేసిన చక్రం, సైకిల్ డైనమో పట్టుకుని పొయ్యి దగ్గరికి చేరాను.

"పెద్దలకు పొయ్యంది నీ చక్రానికి పోస్తవారా?" అంది నాయనమ్మ.

"ఇయ్యే. ఒక పూట ఆగుమని నేను పోయి వాళ్ళకి చెప్తలే," అన్నాడు తాత మంచం మీద నుంచి.

నాయనమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని పక్కకు జరిగింది. (పొగ అంది.)

డైనమోతో పెద్ద బల్బు వెలగదు కనుక దాని పక్కనే సైకిలు బల్బు కట్టాను. మా బాబాయి వచ్చి డైనమో పట్టుకున్నాడు. కుండకు పెట్టిన గొట్టంలోంచి ఆవిరి కొట్టగానే చక్రం తిరిగింది. ఇల్లంతా ఇప్పవాసన. బాబాయి చేతుల మీద చెమ్మ దిగితే, ఆయన నాలుకతో పరీక్షిస్తూ "కరెంటు మంచిగనే ఉందిరా" అన్నాడు. చిన్న బల్బులో తీగ ఎర్రబడింది.

తాత చాలాసేపు చూశాడు. "ఇది పిల్లనా? తల్లి ఎప్పుడు ఎలుగుద్ది?" అన్నాడు. మళ్ళీ తనే, "బీడీ అంటుకున్నట్టుంది. బీడీ అయితే ఒక దమ్మన్నా దక్కేది."

అంతలో కుండ మూతికి మెత్తిన మట్టి ఊడింది. ఆవిరి పోయింది, ఎరుపు పోయింది, కొలుపు సారా కూడా పోయింది. చీకట్లో తాత నవ్వాడు. నవ్వు దగ్గుగా మారి ఎంతకీ ఆగలేదు.

తాత దినాలయ్యాక తీగలు వచ్చాయి. మీట నొక్కితే తల్లి బల్బు వెలిగింది. ఖాళీ మంచం మీద వెలుగు పడుతుంటే ఎవరమూ తల ఎత్తలేదు.

ఇప్పుడు మొదటి చుక్కల్లో తాతకూ వాటా ఉంది. బల్బు వెలిగితేగాని నాయనమ్మ పోయదు. ఈ ఏడు సరిగ్గా కుండ దించే వేళకే కరెంటు పోయింది. "అసలు ఎందుకు పోతుందంటే, నాయనమ్మా..." అని మొదలుపెట్టాను.

"మేకలకు చెప్పుపో," అంది.

నవ్వొచ్చింది. సారా గిన్నె మధ్యలో పెట్టుకుని, దూలం వైపు చూస్తూ ఇద్దరం చీకట్లో కూర్చున్నాం.