స్తంభం దాకా పోయిన పులుసు వాసన

చేపల పులుసు బాగా కుదిరినందుకు కరెంటు పోగొట్టుకున్న మనిషిని ఎప్పుడైనా చూసినారా? ఇప్పుడు చూడండి. మీ ఎదురుగానే కూర్చుని టీ తాగుతా ఉంది. అదీ ఒకసారి కాదు, రెండుసార్లు పోగొట్టుకుంది. ఒకే గిన్నెడు పులుసుతో!

నవ్వబాకండి. మొదటి నుంచి చెప్తా.

సముద్రం మన ఆత్మకూరుకి ఎంత దూరాన ఉన్నా, తుఫానుకి మాత్రం మన అడ్రసు బాగా తెలుసు. మొన్న వచ్చిన గాలికి పెద్ద లైన్లు ఊరి బయట, చిన్న లైన్లు ఊళ్లో ఎక్కడబడితే అక్కడ తెగి పడినాయి. కరెంటు లేకపోతే లైటు వెలగదు, ఫ్యాను తిరగదు, అంతేగదా అనుకునేదాన్ని. అంతే కాదు! బంకులో పెట్రోలు ఉంది, దాన్ని పైకి తోడే కరెంటు లేదు. బోరులో నీళ్లున్నాయి, మోటారుకి కరెంటు లేదు. సెల్ టవరు నిటారుగా నిలబడే ఉంది, దాని డీజిలు అయిపోయింది. సోమశిల డ్యాములో గేట్లెత్తినారంట. కరెంటు పుట్టించాల్సిన నీళ్లు అట్ట పారిపోతా ఉంటే, ఇక్కడ మేము అగ్గిపెట్టె వెతుక్కుంటా ఉన్నాం.

ఎదురింటాయన ఇంటిపైన సోలారు పెట్టించి, "ఇంక మాకు కరెంటాఫీసుతో పనే లేదు" అని ఊరంతా చెప్పుకున్నాడు. లైన్లో కరెంటు లేకపోతే ఆ సోలారు కూడా ఆగిపోతుందంట! మొదటి రోజు సాయంత్రమే కొవ్వొత్తి కోసం మా గడప ఎక్కినాడు. ఇచ్చినాను. ఇవ్వడం సులభమే, నవ్వకుండా ఇవ్వడమే కష్టమైంది. ఇక మా ఇన్వర్టరు వీధిలో వాళ్లందరి సెల్‌ఫోన్లకి ప్రాణం పోసి, తన ప్రాణం వదిలేసింది.

నా కష్టం మాత్రం లైటూ కాదు, ఫ్యానూ కాదు. గ్రైండరు.

నేను ఇడ్లీ పిండి రుబ్బి అమ్ముతాను. డిగ్రీ చదివి పిండి రుబ్బడమేంది అన్నవాళ్లంతా ఇప్పుడు గిన్నెలు పట్టుకుని వస్తారు. మా ఆయన ఉదయగిరిలో లెక్చరరు. ఆయనతో పాటు పనిచేసే రమణారెడ్డి గారు అక్కడ కొత్త ఇల్లు కట్టుకున్నారు. గృహప్రవేశం రోజు టిఫిను పిండి మొత్తం నాదేనని మాట ఇచ్చేసినాను. తర్వాత తుఫాను వచ్చింది. ముహూర్తం మాత్రం కదల్లేదు. పంతులుగారు పెట్టిన ముహూర్తాన్ని వాయుగుండం మారుస్తుందా? పైగా బస్సులు ఆగిపోయి, మా ఆయన ఆ రెడ్డిగారింట్లోనే తిని, ఆ రెడ్డిగారింట్లోనే పడుకుంటా ఉన్నాడు. వాళ్ల అన్నం తింటా, వాళ్ల శుభకార్యానికి ఇడ్లీ లేకుండా చేస్తే ఇంక మొహం ఎట్ట చూపించేది? ఉదయగిరిలోనూ కరెంటు లేదు కాబట్టి అక్కడ రుబ్బుకునే దారీ లేదు.

గృహప్రవేశం ముందురోజు పొద్దున్నే కరెంటాఫీసుకి పోయి అడిగినాను. "మధ్యాహ్నానికి వచ్చేస్తాది మేడమ్" అన్నారు. ఆ ఒక్క మాట పట్టుకుని, ఇంటికొచ్చి మినపగుళ్లు బకెట్ల నిండా నానబోసినాను. నానిన పప్పు ఎవరి కోసమూ ఆగదు. సాయంత్రంలోగా రుబ్బి రవ్వ కలిపితే తెల్లారేసరికి పిండి పొంగుతుంది. లేకపోతే కంపు కొడుతుంది. రోలు లేదా అంటారా? ఉంది. అందులో గులాబీ మొక్క ఉంది. జనరేటరు అద్దెకి అడిగితే, అన్నీ సెల్ టవర్లకీ రొయ్యల గుంటలకీ పోయినాయన్నారు.

ఇంతలో వీధి మూల లారీ ఆగింది. తాళ్లు, నిచ్చెనలు, వైర్ల చుట్టలు. పక్క జిల్లా నుంచి వచ్చిన లైన్‌మన్ల గ్యాంగు! మా వీధికీ, కింది వీధికీ లైను ఆ మూల స్తంభం దగ్గరే చీలుతుంది. ముందు ఏ వైపు లాగుతారనేది వాళ్ల చేతిలో పని.

తుఫాను గ్యాంగులకి అన్నం పెట్టేది ఊళ్లో వాళ్లే. ఏ వీధిలో అన్నం బాగుంటే ఆ వీధికి ముందు కరెంటు వస్తుంది. ఎక్కడా రాసి ఉండదు, అందరికీ తెలుసు.

నా ఫ్రీజర్లో ఏముంది? బొచ్చె చేపలు! కార్తీకమాసమంతా మేము నీచు ముట్టలేదు. అది అయిపోయీ అవగానే మా ఆయన అనంతసాగరం నుంచి ఇంతింత చేపలు తెచ్చి ఫ్రీజర్లో కూరినాడు. వెనకే తుఫాను వచ్చింది. మూత తెరవకుండా కాపాడుకుంటా వచ్చినాను గానీ, ఐసు ఆ పొద్దుటికి నీళ్లయిపోయింది. వండితే ఆ రోజే వండాలి. ఎంత కలిసొచ్చిందో చూడండి! చేపలు పాడు కావు, గ్యాంగు కడుపు నిండుతుంది, నాకు కరెంటు వస్తుంది. మేనేజ్‌మెంటు అంటే ఇదీ అని నన్ను నేనే మెచ్చుకున్నాను.

నెల్లూరు జిల్లాలో పుట్టినదానికి పులుసు పెట్టడం ఒకరు నేర్పాలా? చింతపండు పిసికి, మెంతులు వేయించి కల్వంలో దంచి, చిక్కగా పెట్టినాను. పెట్టి ఊరుకున్నానా? గ్యాసు పొయ్యిని వాకిట్లోకి లాగి, గిన్నె మూత తీసి మరీ ఉడికించినాను. వాసన స్తంభం దాకా పోవాలి గదా! గాలి కూడా అటే వీస్తా ఉంది. తుఫాను నాకు చేసిన ఉపకారం ఇదొక్కటే అనుకున్నాను.

గేటు దగ్గర నిలబడి చూస్తే, అందరూ పెద్ద పెద్ద రెయిన్‌కోట్లలో ఉన్నారు. అందరికీ గడ్డాలు. ఇల్లు వదిలి ఎన్నాళ్లయిందో పాపం అనుకున్నాను. కింద తాడు పట్టుకున్న ఒకాయన కాళ్లకి చెప్పుల్లేవు. బురదలో కూరుకుపోయినాయేమో అనుకున్నాను. ఇంకొకాయన ముక్కుకి తువ్వాలు చుట్టుకున్నాడు. మూలన మురిక్కాలవ పొంగింది గదా, ఆ కంపుకి కాబోలు అనుకున్నాను. ఎన్ని అనుకున్నానో చూడండి! ఒక్కటి తప్ప అన్నీ అనుకున్నాను.

గొంతెత్తి పిలిచినాను. "అబ్బయా! చేపల పులుసు దించేసినా! వేడి మీద తినేసి పని చేసుకుందురు రాండి! తలకాయలు కూడా ఉండాయి!"

స్తంభం మీద ఉన్నాయన రెండు చేతులూ వదిలి చెవులు మూసుకోబోయినాడు. బెల్టు ఉండబట్టి బతికిపోయినాడు.

వాళ్ల మేస్త్రీ వచ్చి గేటు బయటే ఆగినాడు. రెయిన్‌కోటు బొత్తాలు విప్పినాడు. లోపల నల్లచొక్కా. మెడలో తులసి మాల.

"ఏమనుకోబాకండి మాతా. మేమంతా అయ్యప్ప స్వాములం."

"అంతా?"

"డ్రైవరు తప్ప అంతా."

"కార్తీకం అయిపోయింది గదా నాయనా!" అన్నాను, తప్పు వాళ్లదైనట్టు.

"కార్తీకం మీకు అయిపోయింది మాతా. మాకు మకరజ్యోతి దాకా ఉండాది."

"పోనీ, మజ్జిగన్నా తాగి పోండి."

"నీచు వండిన ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టకూడదు. ఇంత ఉప్మానో, రెండు ఇడ్లీలో ఉంటే చాలు మాకు. అంతకంటే ఏమొద్దు."

ఇడ్లీ! ఊరందరికీ ఇడ్లీ పెట్టేదాన్ని నేను. ఇడ్లీ తప్ప ఇంకేమీ వద్దనే మనుషులు నా గేటు దాకా నడిచొస్తే, వాళ్లకి చేప తలకాయలు చూపించినాను!

సరిగ్గా అప్పుడే కింది వీధి చివర నుంచి ఒక గొంతు. "రాండి స్వామీ! తలస్నానం చేసి పులిహోర కలిపినా! ఉల్లిపాయ కూడా ఇంట్లో లేదు!"

ప్రభావతి. ఆమెది కూడా పిండి వ్యాపారమే. ఆమె పిండిలో సోడా కలుపుతుందని ఊరంతా చెప్పింది ఎవరో అడగబాకండి. గడ్డాలూ, ఒట్టి కాళ్లూ నాకంటే ముందే చూసినట్టుంది.

"భిక్ష చేసి వస్తాం మాతా" అని మేస్త్రీ వెళ్లిపోయినాడు. వెనకాలే గ్యాంగు. పులిహోర తిన్న వైపే లైను లాగడం మొదలుపెట్టినారు. న్యాయమే గదా!

నా గుమ్మంలో మిగిలింది డ్రైవరు ఒక్కడే. అరుగు మీద కూర్చుని ఆకు ముందేసుకున్నాడు. "అక్కా, ఏం చేతక్కా నీది! ఇంకో తలకాయ వెయ్యి."

"తిను నాయనా. తిని, మా వైపు వైరొకటి కట్టిపో."

"నేను వైరు ముట్టనక్కా. నాకు తెలిసింది స్టీరింగే."

అంత గ్యాంగులో కరెంటు ఇవ్వలేని మనిషి ఒక్కడే. వెతికి వెతికి అతని కడుపు నింపినాను.

పొద్దు వాలుతుండగా కింది వీధిలో ఒక్కసారిగా కేక: "వచ్చిందీ!" లైట్లు, టీవీలు, మోటార్లు. మా వీధిలో చీకటి, బకెట్లలో పప్పు. చీకటి పడితే స్తంభం ఎక్కకూడదంట. "రేపు ఇంకో గ్యాంగు వస్తాది" అని సామాను సర్దుకుంటా ఉన్నారు.

సెల్ టవరుకి జనరేటరు తగిలించినట్టున్నారు, సరిగ్గా అప్పుడే మా ఆయన ఫోను. "పిండి రుబ్బినావా? తొందరగా చెప్పు, ఛార్జింగు లేదు. రెడ్డిగారు పక్కనే ఉండాడు."

"రుబ్బబోతా ఉండా."

"అబ్బ! కరెంటు వచ్చిందా?"

"వీధికి వచ్చింది."

"ఏ వీధికి?"

ఫోను ఆగిపోయింది. దేవుడున్నాడు.

పప్పు వాసన చూసినాను. ఇంకో రెండు గంటలు ఆగితే గులాబీ మొక్కకి పోయడానికే పనికొస్తుంది. ఒక బకెట్టు ఎత్తుకుని కింది వీధికి నడిచినాను.

ప్రభావతి గుమ్మంలోనే నిలబడి ఉంది. "ఏం మే, సోడా పిండి వాళ్లింటికి దోవ ఎట్ట తెలిసింది?"

"తప్పయిపోయింది. గ్రైండరు కావాల."

"కావాలంటే వాడుకో. ముందు తలస్నానం చేసి రా. స్వాములు కూర్చున్న ఇల్లు."

ఆ చలిలో, ఈదురుగాలిలో, చన్నీళ్లు కుమ్మరించుకుని, మిగతా బకెట్లు కూడా మోసుకొచ్చినాను. ఆమె గ్రైండరు తిరిగింది, నా పళ్లు టకటకలాడినాయి. పిండి తయారైంది. ఊరికే వాడుకుంటే బాగుండదని, మిగిలిన పులుసు గిన్నెతో సహా ఇస్తానన్నాను.

"ఇవ్వు. స్వాముల లారీ కదిలినాక తీసుకురా. ముందే నా వాకిట్లో పెట్టబాక!"

తెల్లారకముందే రెడ్డిగారు పంపిన బండిలో పిండి డబ్బాలు ఉదయగిరికి పోయినాయి. టిఫిన్లు అయినాక ఆయనే ఫోను చేసినాడు. "చెల్లెమ్మా, మీ పిండి ఎప్పుడూ బాగానే ఉంటాది గానీ, ఈసారి ఇడ్లీ దూది! ఏం మార్చినారు?"

గ్రైండరు, అనబోయినాను. "వాతావరణమండీ" అన్నాను.

ఇక రెండో గ్యాంగు. ఈసారి మోసపోతానా? ఇల్లంతా కడిగినాను. సాంబ్రాణి వేసినాను. మళ్లీ తలస్నానం. మిగిలిన పిండితో ఇడ్లీ, ఉల్లిపాయ లేని సాంబారు, పెసరపప్పు పాయసం. శబరిమల నుంచి ఎవరు దిగొచ్చినా వంక పెట్టలేరు.

లారీ వచ్చింది. దిగినారు. అందరి గడ్డాలూ నున్నగా గీసి ఉన్నాయి. అందరి కాళ్లకీ బూట్లు. నా సాంబారు గిన్నె వైపు ఒకసారి చూసుకున్నాను. మేస్త్రీ రోట్లో గులాబీ మొక్కని చూసి, నా వైపు చూసి నవ్వినాడు.

"ఈ ఇల్లేనక్కా. పులుసు యాడ?"

"ఏం పులుసు?"

"నిన్నటి డ్రైవరన్న చెప్పినాడు, రోట్లో గులాబీ చెట్టు ఉండే ఇంట్లో చేపల పులుసు తినాల్సిందేనని. అందుకే ఈ లైను మేమే అడిగి వేయించుకున్నాం. నెల్లూరు దాకా వచ్చి పులుసు తినకుండా పోతే ఇంట్లో నగుబాటు గదక్కా!"

"సాంబారు చేసినా నాయనా. మడితో."

"ఉల్లిపాయలన్నా ఉండాయా?"

"లేవు."

అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఇల్లు కాలిపోయిన వాళ్లని పరామర్శించినట్టు నన్ను చూసినారు.

కింది వీధి నుంచి అదే గొంతు. "రాండబ్బయా! పులుసు నా దగ్గర ఉండాది! రాత్రంతా ఊరి ఇంకా బాగుండాది!"

నా చేపలు, నా చింతపండు, నా గిన్నె! గ్యాంగు మొత్తం అటు నడిచింది. కడుపునిండా తిన్నారు. తిన్నాక ఏం చేస్తారు? ఆమెకి కరెంటు ఉంది గదా, ఫ్యాను కింద ఒక కునుకు తీసినారు. మా వైరు కట్టేసరికి పొద్దు వాలింది.

లైటు వెలిగినాక ప్రభావతి గిన్నె కడిగి తెచ్చిచ్చింది. "గ్యాంగు వాళ్లు నా చేతి పులుసు భలే ఉండాదన్నారు మే. నేను కూడా కాదనలేదు."

నేనేమంటాను? దూదిలాంటి ఇడ్లీ నాదేనంటే నేను కాదన్నానా? గిన్నె తీసుకుని లోపలికి వచ్చినాను. ఫ్రిజ్ తెరిచి చూస్తే చల్లగా, ఖాళీగా ఉంది.

అంతలో మా ఆయన ఫోను. గొంతులో ఫుల్ ఛార్జింగు. "కరెంటు వచ్చిందంట గదా! బస్సులు కూడా తిరగతా ఉండాయి. దోవలో చేపలు తెమ్మంటావా?"

"తీసుకురండి" అన్నాను. "గానీ, పొయ్యి వెలిగించేది మాత్రం గ్యాంగు గడ్డాలు చూసినాకే!"