బండ చాటున గంటసేపు

జూలై చివరి వారం వచ్చిందంటే వలీకి అన్నం సహించదు. బొల్లారంలో చిన్న మెస్ నడుపుకునే వలీ ఒకప్పుడు సైన్యంలో వంటవాడు. కార్గిల్ యుద్ధంలో శత్రువులు మన కొండలెక్కి కూర్చున్నప్పుడు, కింద రొట్టెలు కాల్చి, సంచిలో మోసుకెళ్లి జవాన్లకు అందించేవాడు.

ఆ యుద్ధంలో పోయినవాళ్లను తలుచుకుంటూ సైనిక్‌పురిలో మాజీ సైనికులు ఏటా సభ పెడతారు. జ్వరమనో, మెస్‌లో మనుషుల్లేరనో వలీ ఇన్నేళ్లూ తప్పించుకున్నాడు. అతని భయమల్లా ఒక్కరి గురించే. అక్కడ ఒక కొండ మీద పోయిన నాయక్ హరికిషన్ భార్య ఊర్మిళ. ఎదురుపడితే ఆమె ఏమడుగుతుందో అతనికి తెలుసు.

ఈసారి భార్య జాన్ బీ ఊరుకోలేదు. "ఎన్నేండ్లు దాక్కుంటవ్? నేను సుత వస్త, పా," అంటూ బయల్దేరదీసింది.

సభలో పోయినవాళ్ల పేర్లు చదువుతుంటే వలీ చివరి వరుసలో కూర్చున్నాడు. "భయమంటే ఎరుగని వీరుడు హరికిషన్," అని మైకులో వినబడగానే తల వంచుకున్నాడు. అందరూ పూలు పెట్టడం అయ్యాక గబగబా గేటు వైపు నడిచాడు.

"వలీ భాయ్ గదా మీరు?" వెనక నుంచి పిలిచింది ఊర్మిళ. "మా ఆయన ఉత్తరాలల్ల మీ పేరు రాసేటోడు. ఇక్కడోళ్లు మిమ్ముల చూపిచ్చిన్రు."

వలీ ఆగి వెనక్కి తిరిగాడు.

"ఒక్క ముచ్చట చెప్పున్రి. ఆ దినం పైకి పోయేముందు ఆయన తిన్నడా?"

తిన్నాడని చెప్పేస్తే సరిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. జాన్ బీ అతన్నే చూస్తోంది.

"లేదు వదినా. గుండ్లు పడుతుండె. భయమై ఒక బండ చాటుకు కూసున్న. గంటసేపు లేవలే. రొట్టెలు నా భుజం మీదనే ఉన్నయ్. నేను పోయేసరికి ఆయనతోటి కలిపి ఆరుగురూ పైకెక్కిన్రు. ఒక్కరు సుత తిరిగి రాలే."

ఊర్మిళ పక్కనున్న కుర్చీలో కూలబడింది. తిడుతుందేమో అనుకుంటూ వలీ నిలబడ్డాడు. తిడితేనే బాగుండుననీ అనిపించింది.

"ఆకలితోనే పోయిండన్నట్టు," అంది. కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఆఖరి ఉత్తరంల ఏం రాసిండో తెల్సా? మస్తు భయమైతుంది ఊర్మిళా, అని రాసిండు. ఇన్నేండ్లల్ల ఎవ్వరికి చూపియ్యలే. ఆయన భయపడ్డడంటే పేరు పోతదేమోనని నాకు భయం."

వలీ ఆమె కుర్చీ పక్కనే నేల మీద కూర్చుండిపోయాడు.

"భయంతోటే ఎక్కిండు వదినా. అదే నాకు చేతగాలే."

ఆమె పర్వాలేదని అనలేదు. షామియానా కింద కుర్చీలు మడతపెడుతున్న చప్పుడు. జాన్ బీ తెచ్చిన నీళ్ల గ్లాసు అందుకుని, ఊర్మిళ ముందుకు వంగింది.

"ఆయనతోటి ఎక్కిన ఆ ఐదుగురు ఎవరెవరు? ఎట్లుండెటోళ్లు? మొత్తం చెప్పున్రి. నాకేం తొందర లేదు."

వలీ మొదటి పేరు చెప్పాడు.