చిన్న సందేహం గారు

సభలో ఎవరు మాట్లాడినా, దేని గురించి మాట్లాడినా, ఆఖర్న లేచి "నాదొక చిన్న సందేహం" అనకుండా ఇంటికి వెళ్లలేని మనిషి ఒకాయన ఉండేవారు. వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన లెక్చరర్. రిటైరయ్యాక మొక్కల్ని వాటి మానాన వదిలేసి సదస్సుల మీద పడ్డారు. కాలేజీ సెమినార్ హాల్లో మైకు ఒక్కసారి గురగురమందంటే చాలు, మూడో వరస చివరి కుర్చీలో చేతిసంచీతో ప్రత్యక్షమయ్యేవారు. అసలు పేరు పాత హాజరుపట్టీల్లో ఉంటే ఉండవచ్చుగానీ, జనం నోట మాత్రం ఆయన చిన్న సందేహం గారే.

ఒకసారి ఒక పెద్దమనిషి సరిహద్దులు లేని ప్రపంచం కావాలని గంటంబావు ఆవేశపడి కూర్చుంటే, ఈయన లేచి, "అంతా బాగుందండీ. నాదొక చిన్న సందేహం. సరిహద్దులు పీకేశాక ఆ కంచె స్తంభాలు ఎవరివి?" అన్నారు. పెద్దమనిషి మంచినీళ్లు అడిగాడు. మానవులంతా అన్నదమ్ములేనన్న ఇంకొకాయన్ని, "మరి పెద్దన్నయ్య ఎవరండీ?" అన్నారు. ఆ ప్రశ్న దగ్గర మొదలైన వాదనతో, ఆ రోజు వేదిక మీదున్న ఇద్దరు ప్రొఫెసర్ల మధ్య ఇప్పటికీ మాటల్లేవు.

ఆయన అడగడానికో పద్ధతి ఉంది. అధ్యక్షులవారు "ప్రశ్నలేమైనా ఉన్నాయా?" అనగానే లేవరు. మెడ సాచి, ఎడమ నుంచి కుడికి హాలంతా ఓసారి కలియజూస్తారు. ఆ తర్వాత తాపీగా లేస్తారు. తన ప్రతాపం చూడ్డానికి ఎంతమంది మిగిలారో లెక్కపెట్టుకుంటున్నారని రాజనీతిశాస్త్రం చెప్పే మేడంకు గట్టి నమ్మకం.

ఆ నమ్మకానికి పద్దెనిమిదేళ్లు. మేడం తొలి పత్రం నిరాయుధీకరణ మీద. రెండు నెలలు తిండీ నిద్రా మాని రాసుకుంది. చదవడం ముగించిందో లేదో, మూడో వరసలోంచి, "ఆయుధాలన్నీ పారేస్తారు సరే, ఎక్కడ పారేస్తారమ్మా? స్థలం చూశారా?" అని వినపడింది. హాలు గొల్లుమంది. అప్పటిదాకా కునికిపాట్లు పడుతున్నవాళ్లు కూడా ఏమైందని పక్కవాళ్లనడిగి మరీ నవ్వారు. దాని వెనకాలే అరగంట చర్చ జరిగిన సంగతి మేడం మరిచిపోయింది. నవ్వు మాత్రం మరిచిపోలేదు.

అలాంటి మేడం ఈసారి కన్వీనర్. సదస్సు కూడా అల్లాటప్పాది కాదు. 'ప్రపంచ పౌరసత్వం, శాంతి' మీద అంతర్జాతీయ విద్యార్థి సదస్సు. పదకొండు దేశాల పిల్లలు, పదకొండు జెండాలు. ఏ జెండా ముందుండాలన్న విషయంలో శాంతి కమిటీ మూడు రోజులు యుద్ధం చేసి, చివరికి అన్నిటినీ గుండ్రంగా పెట్టింది. గుండ్రంలో మాత్రం తలుపు దగ్గరున్నది ఎవరిదని ఒక సభ్యుడు అలిగి టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. ఇంత కష్టపడి నిలబెట్టిన ప్రపంచశాంతిని మూడో వరస పాలు చెయ్యకూడదనుకుని, మేడం ముందురోజే ఆయన ఇంటికి వెళ్లింది.

"మాస్టారూ, మీరు తప్పకుండా రావాలి. కానీ రెండు రోజులూ ఒక్క ప్రశ్న కూడా అడగనని మాటివ్వాలి."

"అలాగేనమ్మా. అయితే నాదొక చిన్న..."

"అదే వద్దంటున్నాను మాస్టారూ."

ఆయన సరేనన్నారు.

మొదటి రోజు బ్రహ్మాండంగా గడిచింది. ప్రతి పత్రం తర్వాతా అధ్యక్షులవారు ప్రశ్నలున్నాయా అనడం, సభికులు గోడ గడియారం వైపు చూడడం, అందరికీ అంతా అర్థమైందని భావిస్తూ ఆయన సెలవు తీసుకోవడం. ఇంత ప్రశాంతమైన సదస్సు తన సర్వీసులో చూడలేదని ప్రిన్సిపాల్ మెచ్చుకున్నారు. మూడో వరసలో చిన్న సందేహం గారు మాత్రం ప్రతిసారీ మెడ సాచి చూసి, లేవబోయి, కూలబడుతూనే ఉన్నారు. మధ్యాహ్నానికి కుడిచెయ్యి తొడ కింద పెట్టుకుని కూర్చున్నారు.

రెండో రోజు వేదిక మీద ఒక విదేశీ అమ్మాయి పత్రం చదువుతుండగా, ఆఫీసు గుమాస్తా ఖాళీ ఫారాలతో మేడం పక్కకు వచ్చాడు. ఇరవై ఏళ్లుగా సదస్సుల నివేదికలు రాస్తున్నవాడు. పత్రానికో ఫారం. ప్రశ్న, అడిగినవారు, జవాబు అని మూడు గడులు. గడులు నిండని పత్రం అచ్చులోకి రాదని యూనివర్సిటీ నియమం. అధ్యక్షుడూ కన్వీనరూ అడిగినవి చెల్లవు.

"నిన్నటివి నాలుగూ ఖాళీ మేడం. నాలుగూ పిల్లలవే. ఇలా ఎప్పుడూ కాలేదు," అన్నాడు గొంతు తగ్గించి.

"ఇన్నాళ్లూ ఎలా నిండేవి?"

"మాస్టారు ఉన్నారుగా. పెద్దవాళ్లని అడగాలంటే జనానికి భయం, పిల్లల్ని అడగాలంటే బద్ధకం. ఎవరూ చెయ్యెత్తకపోతే ఆయన లేస్తారు. ఆయన అడిగాక నవ్వుకుంటూ మిగతావాళ్లు అడుగుతారు. ఇంకొకరు ముందే చెయ్యెత్తితే ఆయన అసలు లేవరు. మీ పత్రానిదీ అంతే మేడం, కావాలంటే పాత ఫైలు తీస్తాను."

మేడంకు తల కొట్టేసినట్టయింది. ఆయన మెడ సాచి చూసింది జనాన్ని లెక్కపెట్టడానికి కాదు, చేతుల కోసం.

వేదిక మీద అమ్మాయి ఆఖరి పేజీలో ఉంది. రెండుగా చీలిపోయిన ఊరు ఆమెది. ఒక బడిలో ఇటు పిల్లలూ అటు పిల్లలూ రోజూ భోజనం డబ్బాలు మార్చుకుని తినేలా చేసిన ప్రయోగం ఆమె పత్రం. అది అచ్చయితేనే వచ్చే ఏడాది చదువు సాగుతుందని నిన్న మేడంతో చెప్పుకుంది.

అమ్మాయి ముగించింది. ప్రశ్నలున్నాయా అన్నారు అధ్యక్షులవారు. హాలంతా గడియారం చూసింది. మూడో వరసలో మెడ సాగింది, తిరిగింది, దిగిపోయింది. మేడం లేచి అధ్యక్షులవారి ముందున్న మైకు లాక్కుంది.

"మాస్టారూ, మీకేమైనా చిన్న సందేహం ఉందా?"

"ఉందిగానీ, మాటిచ్చానమ్మా."

"ఆ మాట అడగడమే నా తప్పు. దయచేసి అడగండి."

చిన్న సందేహం గారు తొడ కింద నుంచి చెయ్యి తీసుకుని, తిమ్మిరి పోయేలా దులుపుకుని లేచారు. "అంతా బాగుంది తల్లీ. డబ్బాలు మార్చుకుని తిన్నారు సరే, తిన్నాక డబ్బా ఎవరు కడిగారు?"

హాలు గొల్లుమంది. అమ్మాయి నవ్వలేదు.

"గొడవంతా అక్కడే వచ్చిందండీ. వాళ్ల ఎంగిలి మేమెందుకు కడగాలని మూడు వారాలు కొట్టుకున్నారు. చివరికి, తిన్నవాళ్లే కడిగి ఇవ్వాలని పిల్లలే తీర్మానం చేసుకున్నారు. నెల తిరిగేసరికి ఆ కడిగిన డబ్బాల్లో అటు తల్లులూ ఇటు తల్లులూ చీటీలు రాసి పెట్టుకోవడం మొదలైంది. చిన్న విషయం కదా అని పత్రంలో రాయలేదు."

అసలు పత్రం అదేనని ఎవరో అన్నారు. ఆరు చేతులు లేచాయి. గుమాస్తా రెండో కాగితం తీసుకున్నాడు. భోజనాల తర్వాత నిన్నటి నాలుగు పత్రాలకూ మళ్లీ చర్చ ఉంటుందని, మాస్టారు తప్పనిసరిగా ఉంటారని మేడం మైకులో ప్రకటించింది.

భోజనాల దగ్గర మేడం ఆయన పక్కన కూర్చుని, కళ్లు తుడుచుకుంటూ అంది: "నా పత్రం కూడా మీరే గట్టెక్కించారట. పద్దెనిమిదేళ్లు మిమ్మల్ని తిట్టుకున్నాను మాస్టారూ. అప్పుడు నామీద దయతలిచి అడిగారన్నమాట."

"ఊరుకో అమ్మా, దయ ఏమిటి, నాకు నిజంగానే సందేహం వచ్చింది," అన్నారు చిన్న సందేహం గారు, చేతిసంచీలోంచి రుమాలు తీసి ఇస్తూ. "ఇంతకీ, స్థలం చూశారా?"