దుప్పులకు రోడ్డు పక్కన విందు

తునిలో శనివారం పొద్దున్న ఆరూ నలభైకి పాసింజరు ఎక్కాను. వెళ్ళేటప్పుడు నాకు కోపం లేదు. నిజం చెప్పాలంటే కాస్త గర్వంగానే బయలుదేరాను. పశుగ్రాస విభాగంలో ముప్పై ఏళ్ళు ఆవులకూ గేదెలకూ ఏం మేపాలో చెప్పి రిటైరైనదాన్ని. అడవి జంతువుకు ఏం వేయాలని నన్నెవరూ అడిగిన పాపాన పోలేదు.

రెండు నెలల క్రితం విశాఖ నుంచి సుధాకర్ గారని ఒకాయన ఫోన్ చేసి అడిగారు. కృష్ణా జిల్లా మనిషి, ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగం, సెలవు రోజుల్లో కొండలెక్కే మిత్రబృందానికి కార్యదర్శి. తగరపువలస అవతల అడవి అంచున వాళ్ళకు కొంత భూమి దొరికిందట. అనుమతులున్నాయి, దుప్పుల కోసం మేత వేసి ఉప్పు పెడతామన్నారు. నేను పొంగిపోయి, ఆ చోటు కళ్ళతో చూడకుండానే, రెండు పేజీల ప్లాన్ రాసి వాట్సాప్‌లో పంపాను. పిల్లిపెసర, అలసంద చిన్న చిన్న పట్టీలుగా చల్లండి. రోడ్డుకు దూరంగా వేయండి. ముతక ఉప్పు, ఖనిజ లవణాల దిమ్మ కొండ లోపలి వైపు పెట్టండి. మొన్న శుక్రవారం మళ్ళీ ఫోనొచ్చింది. "అంతా మీ ప్లానే మేడమ్. ఆదివారం పొద్దున్నే ప్రారంభోత్సవం. మీరు రాకపోతే ఎట్లా?"

ఎదురు సీట్లో కంచరపాలెంలో వెల్డింగ్ షాపున్న ఒకాయన కూర్చున్నాడు. ఎక్కడికని అడిగితే చెప్పాను. పడీ పడీ నవ్వాడు.

"దుప్పిలికి మనం గడ్డెయ్యడవేటమ్మా? అవొచ్చి అడిగినాయేటి?"

నాకు ఒళ్ళు మండింది. దువ్వాడ దాటేదాకా అతనికి ఖనిజ లవణాల లోపం గురించి పాఠం చెప్పాను. పాపం, మర్యాదగా విన్నాడు.

తొమ్మిదిన్నరకు విశాఖలో దిగి, స్టేషన్ బయట ఇడ్లీ తిని, ఆర్టీసీ కాంప్లెక్సులో తగరపువలస బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు జీరో టికెట్. మధురవాడ దాకా నిలబడే వెళ్ళాను. ఆనందపురం దాటాక కొండల మీద తొలకరి పచ్చదనం చూసి కాళ్ళనొప్పి మరిచిపోయాను. పదకొండున్నరకు దిగేసరికి సుధాకర్ గారు కారుతో సిద్ధంగా ఉన్నారు.

పావుగంటలో కారు ఆగింది. దారిలో ఎందుకు ఆపారో అనుకున్నాను. అదే చోటట! తారురోడ్డుకు నలభై అడుగులు కూడా లేదు. ఏపుగా పెరిగిన పిల్లిపెసర అంతా ఒకే మడి. దాని ఎదురుగా రేకుల కప్పుతో మంచె, మంచె మీద ప్లాస్టిక్ కుర్చీలు, పక్కన దాతల పేర్లతో నిలువెత్తు బోర్డు. సలహాదారుగా నా పేరు కూడా ఉంది. వెనక లారీలు హారన్లు కొట్టుకుంటూ పోతున్నాయి.

"రోడ్డుకు దూరంగా అని రాశాను కదండీ?"

"దూరమైతే దాతలకు కనబడవు కదా మేడమ్. పెద్దవాళ్ళున్నారు, నడవలేరు."

అప్పుడు వాసన తగిలింది. మడి మధ్యలో ఉప్పు కుప్పలుగా పోసి ఉంది. ఎండుచేపల కంపు! ఆయన సంతోషంగానే చెప్పారు, జాలరిపేటలో చేపలు ఎండబెట్టగా మిగిలిన ఉప్పు ఊరికే ఇచ్చారట. ఇంత కంపు దేనికి బాబూ అని వాళ్ళే అడిగారట. వృథా కాకుండా ఉపయోగపడుతుందని ఈయన మూటలు కట్టించి తెచ్చారు. ఆ కుప్పల పక్కనే మూడు ఊరకుక్కలు తీరిగ్గా పడుకుని ఉన్నాయి.

గట్టు మీద ఆవులు కాస్తున్న ఒకామె నన్ను చూసి దిగి వచ్చింది. అప్పలనరసమ్మ అట, పక్క ఊరే. "ఈ కంపుకే కుక్కలు సేరినాయమ్మా. గురారం నాడు పిల్లదుప్పిని పట్టీసినాయి. నాను కర్రట్టుకుని వచ్చీసరికే అయిపోనాది."

సుధాకర్ గారి వైపు తిరిగాను. "మీకు తెలుసా?"

"ఒక్కటే కదా మేడమ్. అందుకే గ్రూపులో పెట్టలేదు. ప్రారంభోత్సవం అవనివ్వండి, తర్వాత ఉప్పు మార్పించేద్దాం."

ఒక్కటే కదా! ఆ సాయంత్రం మళ్ళీ దుప్పుల మంద దిగుతుంది, కుక్కలు ఎదురుచూస్తున్నాయి, ఈయనకేమో రేపటి ఫోటోల బెంగ. నన్ను మాత్రం నేనెలా వదులుతాను? ముతక ఉప్పు అని రాసిన చెయ్యి నాదే. ఎలాంటిదో రాయాలని తోచలేదు.

"ఉప్పు లేకపోతే వాటికి ఎలా?" అని గొణిగారాయన.

అప్పలనరసమ్మకు అంతులేని ఆశ్చర్యం. "ఉప్పు లేదని ఎవలు సెప్పినారు బాబూ? కొండెనక గెడ్డ ఒడ్డున ఉప్పుమట్టి ఉంది. మా తాత కాలం నుంచీ దుప్పిలు దాన్నే నాకతన్నాయి. ఒక్కరైనా నన్నడిగినారేటి?"

ఆ వాగు సంగతి నేనూ అడగలేదు. పశువైద్యం పుస్తకాలన్నీ తిరగేశాను గానీ ఆ ఊళ్ళో ఒక్కరికి ఫోన్ చేయలేదు.

"ఈ మేత ఈ పూటే పోవాలి, ఉప్పు పోవాలి. లేదంటే రేపు మీ అతిథులందరి ముందూ నిలబడి పిల్లదుప్పి సంగతి చెబుతాను" అన్నాను. ఆయన ముఖం మాడిపోయింది. కాసేపు ఫోను చూసుకుని, కారు డిక్కీలోంచి పారలూ ఖాళీ గోనెలూ తీశారు.

అప్పలనరసమ్మ ఆవుల్ని మడిలోకి తోలింది. ఒక్కసారే కడుపునిండా మేపితే ఉబ్బరం వస్తుంది, మధ్యమధ్యలో బయటికి తోలమన్నాను. నా ఉద్యోగమంతా చేసిన పనే మళ్ళీ చేస్తున్నాను. సుధాకర్ గారూ నేనూ పారలతో ఉప్పునూ, ఉప్పు ఇంకిన మట్టినీ జానెడు లోతున తవ్వి గోనెల్లోకి ఎత్తాం. సాయంత్రం నాలుగున్నరకు కారు వెనకభాగం గోనెలతో కుంగిపోయింది. ఆయన అద్దాలన్నీ దించుకుని చెత్తయార్డు వైపు పోయారు. ఆవులు మడిని నేలమట్టం చేశాయి.

ఆటోలో తగరపువలస చేరి బస్టాండు దగ్గర లాడ్జిలో పడుకున్నాను. గది శుభ్రంగానే ఉంది, వేణ్ణీళ్ళు అడిగితే బకెట్టుతో తెచ్చారు. ప్రారంభోత్సవానికి వెళ్ళలేదు. ఆదివారం పొద్దున్నే బస్సులో విశాఖ చేరి, దొరికిన పాసింజరు ఎక్కాను.

అనకాపల్లి రాకముందే సుధాకర్ గారి ఫోను. "ఐదింటి నుంచి ఎనిమిది దాకా మంచె మీద కూర్చున్నాం మేడమ్. ఒక్క దుప్పీ రాలేదు. మా పరువు పోయింది."

ఆ వార్త విని నా ప్రాణం ఎంత తేలికపడిందో చెప్పలేను. మనం చూసి మురిసిపోవడానికి వాటిని రోడ్డు మీదికి పిలిచి, దానికి సేవ అని పేరు పెట్టుకున్నాం. అక్కడికి వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక్క మాట: గడ్డి తీసుకెళ్ళకండి, ఉప్పు తీసుకెళ్ళకండి. దుప్పుల కోసం రెండు రోజులు తిరిగి నేను ఒక్క దుప్పినీ చూడలేదు. అదే మంచిది.

యలమంచిలిలో బండి ఆగినప్పుడు అప్పలనరసమ్మ ఫోన్ చేసింది.

"గెడ్డ కాడికి దిగినాయమ్మా. కుక్కల్లేవు. అన్నీ మట్టి నాకతన్నాయి. తల్లొక్కతే నాకలేదమ్మా. రోడ్డేపు తిరిగి, పిల్లని పిలస్తంది."