నాన్న వేయని వేషం

"ఏం కావాలి నాన్నా?" అన్నాను. "ఏమీ వద్దమ్మా, ఒక్కసారి నవ్వు" అన్నాడు. మేమిద్దరం ఆఖరుగా అనుకున్న మాటలవే. నాకు నవ్వు రాలేదు.

దేశం కాని దేశంలో, ఇక్కడ స్కార్‌బరోలో మా మనవరాలు స్వాతి కాలేజీకి వెళ్తూనే మాల్‌లో పిల్లల మొహాలకు రంగులు వేస్తుంది. దాని చేతుల దగ్గర నాన్న వాసన వస్తుంది.

నాన్న పగటివేషాలు వేసేవాడు. రోజుకో వేషం. ఎంత బంగారమున్నా చాలని షావుకారు, పక్కపొలం మీద కన్నేసిన దొర, నేతిచుక్క కోసం కలవరించే కూలివాడు. ఎవరిని వెక్కిరిస్తే వాళ్ళే ముందు నవ్వేవాళ్ళు.

నా ఏడో ఏట మొదటిసారి వెంట తీసుకెళ్ళాడు. ఊళ్ళో వేషాలు ముగిసిన ఆఖరి రోజు రంగు కడుక్కుని ధాన్యం అడగడం వేషగాళ్ళ ఆచారమని నాకు తెలియదు. ఆ ఊరి దొర గుమ్మంలో నాన్న కండువా చాచి వంగి నిలబడ్డాడు. "ఇవాళ బిచ్చగాడి వేషం" అంటూ చప్పట్లు కొట్టి నవ్వాను. దొర కూడా నవ్వాడు. నాన్న తలెత్తలేదు.

అది వేషం కాదని తెలిశాక నాన్న ఏ వేషం వేసినా నవ్వలేకపోయాను. మీ తాత పోయేదాకా ఆయనకు కూడా ఈ మాట చెప్పలేదే స్వాతీ. అలిసిపోయాను. నేను చెబుతుంటే నువ్వు రాసింది ఒకసారి చదివి వినిపించు. నేను నవ్విన చోట మెల్లగా చదువు.