ఉడుకునీళ్లు వస్తాండాయి, జరుగప్పా

మొన్న సాయంత్రం వాన వెలిశాక, గెనుసుగడ్డలు ఉడకబెట్టిన నీళ్లు పారబోద్దామని మదనపల్లెలో మా ఇంటి వెనక తలుపు తీశాను. తూము దగ్గర ఒక బోదురుకప్ప గొంతు ఎగరేస్తూ కూర్చుని ఉంది. నాకు తెలియకుండానే నోట్లోంచి మాట వచ్చేసింది.

"జరుగప్పా, ఉడుకునీళ్లు వస్తాండాయి!"

అది మా అవ్వ మాట. చిన్నప్పుడు పెద్దపంజాణిలో అవ్వ వాళ్లింట్లో మేం నీళ్లు పోసుకునే బండ ఒక్కసారిగా కళ్లముందుకొచ్చింది. మసిబట్టిన రాగి అండా, సున్నిపిండి వాసన, తూము అవతల కనకాంబరాల తడిలో ఎప్పుడూ ఒక కప్ప. వేడినీళ్లు పారబోసే ముందు అవ్వ చెంబుతో బండమీద టకటకా కొట్టి, దానికి చెప్పేది. మీ ఇళ్లలోనూ చెప్పేవాళ్లు కదా?

"కప్పకు మన మాటలు తెలుస్తాయా అవ్వా?" అని ఒకసారి అడిగాను.

"దానికి తెలియకపోతే నీకు తెలుస్తాది గదమ్మా. చెప్పినాక సూడకుండా ఎట్ల పోస్తావు?"

మొన్నటి కప్ప చెప్పినా కదల్లేదు. గిన్నె కిందపెట్టి గడపమీద కూర్చున్నాను. మా అమ్మాయి గెనుసుగడ్డల పళ్లెంతో వచ్చింది.

"ఈడ యాల కూర్చోనుండావమ్మా?"

"నీళ్లు సల్లారనీ" అని, కప్పను చూపించి, అవ్వ సంగతి చెప్పాను. తనూ పక్కన కూర్చుంది. ఇద్దరం అట్లా తీరిగ్గా కూర్చుని ఎన్నాళ్లయిందో! తొక్కలు ఒలుచుకుని తింటూ వాన వాసనలో చాలాసేపు ఉండిపోయాం.

చివరికి గిన్నె తనే ఎత్తింది. నీళ్లు పూర్తిగా చల్లారిపోయాయి. అయినా గిన్నె అంచుమీద వేలితో టకటకా కొట్టి, వంగి చూసి, "జరుగప్పా" అంది.