రెండో నంబరు

ప్రతి జూన్‌లో నా నోటికి తీరిక ఉండదు. బడి తెరిచిన వారంలో పిల్లల ఫారాలు నింపించడం తరగతి టీచరుగా నా వంతు. జిన్నారం వైపు పల్లెల నుంచి, గడ్డపోతారం ఫ్యాక్టరీల పక్కన కిరాయి గదుల నుంచి వచ్చే పిల్లలు. తండ్రి నంబరు ఒక గడిలో, తల్లి నంబరు ఇంకో గడిలో రాయాలి. సగం మంది ఒకే ఫోనులో ఉన్న రెండు సిమ్ముల నంబర్లు రాసుకొస్తారు. నేను ఆ కాగితం వాళ్ళ ముందు పెట్టి, రెండో నంబరంటే ఇంకో సిమ్ము కాదు, ఇంకో మనిషి అని గట్టిగా చెబుతాను. ఎన్నేళ్ళుగా చెబుతున్నానో లెక్క లేదు. ఎదుటివాళ్ళకు చెప్పేటప్పుడు నాకు తిరుగులేదు.

మా ఇంట్లో ఉన్న కుక్క నాది కాదు, అక్కది. అక్క పటాన్‌చెరులో ఒక ఆసుపత్రిలో నర్సు. ఒకరోజు డ్యూటీ నుంచి వస్తూ గోధుమరంగు ఊరకుక్క పిల్లను టిఫిన్ సంచిలో వేసుకొచ్చింది. అక్కా నేనూ పెళ్ళిళ్ళు చేసుకోలేదు. ఎందుకని చర్చిలో అందరూ అడగాల్సినంత అడిగారు, ఇప్పుడు మళ్ళీ చెప్పే ఓపిక నాకు లేదు. ఆ కుక్క నా చీరలకు వెంట్రుకలు అంటించేది, దిద్దిన పేపర్ల మీద పడుకునేది. కుక్కో నేనో తేల్చుకో అన్నాను అక్కతో. అక్క తేల్చుకోలేదు, ఇద్దరినీ ఉంచుకుంది.

రెండేళ్ళ కిందట వానాకాలంలో అక్క జబ్బు చేసి పోయింది. ఒకరంటే ఒకరికి పడని ఇద్దరం మిగిలాం ఆ ఇంట్లో. మొదటి నెలంతా కుక్క నన్ను పట్టించుకోలేదు. తర్వాత దానికీ తప్పలేదు, నాకూ తప్పలేదు. ఇప్పుడు నేను బడి నుంచి వచ్చేసరికి గ్రిల్ దగ్గర నిలబడి ఉంటుంది. సాయంత్రం నేను మాట్లాడేది దానితోనే. ఎక్కువగా తిట్లే, అయినా మాటలే కదా.

అక్క ఫోను ఫ్రిజ్ మీద ఉంటుంది. గ్యాస్ బుకింగు, కరెంటు బిల్లు దానికే వస్తాయి కాబట్టి ఉంచానని ఎవరైనా అడిగితే చెబుదామనుకున్నాను. ఎవరూ అడగలేదు. నెలనెలా రీచార్జి చేయిస్తాను, రోజూ ఛార్జింగు పెడతాను. నిజం చెప్పాలంటే ఆ ఫోను ఆగిపోతే అక్క ఇంకోసారి పోయినట్టు ఉంటుందని నా భయం.

పోయిన చలికాలంలో మున్సిపాలిటీ ఆటో మైకు పెట్టుకుని కాలనీలన్నీ తిరిగింది. పెంపుడు కుక్కలకు లైసెన్సు తీసుకోవాలి, పిచ్చికుక్క టీకా వేయించాలి, చిప్పు పెట్టించాలి, లేకపోతే రోడ్డు మీద కనబడ్డవాటిని వీధికుక్కల కిందే లెక్కగట్టి పట్టుకుపోతారట. రెండో శనివారం సెలవు చూసుకుని పశువుల ఆసుపత్రికి తీసుకుపోయాను. చిప్పు బియ్యపు గింజంతే ఉంది. సూదితో భుజాల మధ్య తోలు కిందికి ఎక్కించారు. కంపౌండరు దాని మీద ఒక యంత్రం ఆనిస్తే పొడుగాటి నంబరు కనబడింది. ఆ నంబరు కొడితే కంప్యూటర్లో యజమాని వివరాలు వస్తాయట. కుక్క గుర్తులు చెప్పమంటే నేను పదో తరగతి పిల్లలకు పుట్టుమచ్చలు రాయించినట్టు, కుడి చెవి కింద నల్లమచ్చ, ఎడమ ముందుకాలి మీద తెల్లమచ్చ అని చెప్పాను. ఆయన నవ్వుకుంటూ రాసుకున్నాడు.

తర్వాతి గడి దగ్గర నా పని ఆగిపోయింది. నేను ఫోను ఎత్తకపోతే ఎవరికి చేయాలో ఆ రెండో నంబరు కావాలన్నాడు. నా ఫోను తీసి పేర్లన్నీ పైనుంచి కిందిదాకా చూశాను. గ్యాసాయన, లైన్‌మన్, హెడ్‌మాస్టరు, కొత్తగా వచ్చిన పాస్టరుగారు, జహీరాబాద్‌లో కుక్క పేరెత్తితేనే తుమ్మే మేనమామ కొడుకు. ఒక్క నంబరు దగ్గర కూడా నా వేలు ఆగలేదు. వెనక లైనులో ఎవరో సణిగారు. నేను అక్క నంబరు చెప్పాను. ఏమవుతుందని అడిగితే, అక్క అన్నాను. రెండు మాటల్లో ఒక్కటీ అబద్ధం కాదు.

మార్చిలో పదో తరగతి పరీక్షల డ్యూటీ పడింది. మొదటి రోజు హడావిడిలో మెట్ల దగ్గరి గ్రిల్‌కు గడియ పెట్టడం మరిచిపోయాను. సెంటర్లో ఫోన్లు ఆపి పెట్టెలో వేయాలి. పరీక్ష అయిపోయి, జవాబు పత్రాల కట్టలు అప్పజెప్పాక నా ఫోను నాకిచ్చారు. మిగతా టీచర్లు అక్కడే ఆన్ చేసుకుని, అన్నం తిన్నావా అని ఇంటికి మాట్లాడుతున్నారు. నేను సంచిలో వేసుకుని బస్సెక్కాను. ఎవరు చేస్తారని ఆన్ చేయాలి?

ఇంటికొచ్చేసరికి మూడయింది. మెట్ల మీద కింది వాటాలో ఉండే ఆమె నిలబడి ఉంది. ఆమె భర్త గడ్డపోతారం మందుల కంపెనీలో షిఫ్టులకు పోతాడు. రెండేళ్ళలో మా ఇద్దరి మధ్య నడిచినవి నీళ్ళ మోటారు మాటలు, మెట్ల మీద కుక్క వెంట్రుకల మాటలు, అంతే. నన్ను చూడగానే గుండె మీద చెయ్యి పెట్టుకుంది.

"మేడం, మీ ఇంట్ల ఫోను పొద్దుగాల సంది ఒక్కతీరుగ మోగుతున్నది. లోపల పడిపోయిన్రేమోనని తలుపు గూడ కొట్టిన. ఫోన్ జేద్దామంటే మీ నంబరు నా తాన లేకపాయె."

మాది ఇంటర్‌లాక్ తలుపు, బయటికి తాళం కనబడదు. గ్రిల్ బార్లా తీసి ఉంది, కుక్క లేదు. లోపలికి పరుగెత్తాను. ఫ్రిజ్ మీద అక్క ఫోనులో తొమ్మిది మిస్డ్ కాల్స్, అన్నీ ఒకే నంబరు నుంచి. రెండేళ్ళుగా ఆ ఫోనుకు బిల్లుల మెసేజులు, కంపెనీ మెసేజులు తప్ప ఒక్క కాలూ రాలేదు. అదే నంబరుకు తిరిగి చేశాను. అవతల పశువుల ఆసుపత్రి కంపౌండరు.

"అక్కనా మాట్లాడేది?"

"ఆ," అన్నాను.

"మీ చెల్లె ఫోను బంద్ వస్తున్నది. మీరన్న జల్దీ రండ్రి. మీ కుక్క ముత్తంగి కాడ లారీల నడుమ మున్సిపాలిటోళ్ళకు దొరికిందంట. ఐదింటికి కుక్కల బండి పోతది, గప్పటిదాక ఎవలన్న రావాలె."

బండి పోతే ఏమవుతుందో నాకు తెలుసు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేస్తారు, గుర్తు కోసం చెవి కొస కత్తిరిస్తారు, నాలుగు రోజులకు పట్టుకున్న చోటే వదిలేస్తారు. ఆ చోటంటే రింగురోడ్డు కింద లారీల మధ్య. తొమ్మిదేళ్ళ ముసలిది, పరుపు మీద పడుకుని పెరిగింది, అక్కడ ఒక్క పూట కూడా బతకదు. వస్తున్నానని చెప్పాను. ఫోను పెట్టేశాక తెలిసింది, నేను అక్కగానే మాట్లాడానని.

ఆటో దొరికి, ట్రాఫిక్‌లో ఇరుక్కుని చేరేసరికి నాలుగున్నర. కుక్క బోనులో ఒక మూలకు ముడుచుకుని ఉంది. నన్ను చూసి లేచింది, తోక ఊపలేదు. ఇంత ఆలస్యమా అన్నట్టు ఒక చూపు చూసి వచ్చి నా చేతిలో మూతి పెట్టింది. నాకు ఏడుపొచ్చింది. బడి చీరలో, ఐడీ కార్డుతో, పశువుల ఆసుపత్రిలో నలుగురి ముందు ఏడ్చాను.

నా ముఖం గుర్తులేని కంపౌండరు సంతకం పెట్టించుకుంటూ, మీ చెల్లెలు రాలేదా అని అడిగాడు. చెల్లెల్ని నేనేనన్నాను. మరి ఫోనులో మాట్లాడిన అక్క ఎవరన్నాడు.

"నేనే మాట్లాడిన. అక్క పోయి రెండేండ్లాయె. ఫోనొక్కటే ఉన్నది."

ఆయన కంప్యూటర్లో ఆ రెండో గడి తెరిచాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "రెండో నంబరంటే ఇంకో మనిషి మేడం. మీకేమన్నయితే దీన్ని ఎవలు జూస్తరు?"

జూన్‌లో నేను అనే మాటే. ఇంకోరోజైతే నేనూ ఒక మాట అనేదాన్ని. ఆ రోజు, రేపు ఎవరిదైనా తెచ్చి ఇస్తానని తలవంచుకుని బయటికి వచ్చాను. ఆటోలో కుక్క నా ఒళ్ళో తల పెట్టి నిద్రపోయింది. ఆ ప్రశ్న కుక్క గురించే అడిగాడు. దారి పొడుగునా నా గురించి అడిగినట్టే వినబడింది.

గేటు దగ్గర కిందింటి ఆమె ఇంకా నిలబడే ఉంది. దొరికిందా అని అడిగి తనే గేటు తీసింది. రెండేళ్ళలో మొదటిసారి ఆమెను ఒకటి అడిగాను, నీ నంబరు ఇస్తావా, కుక్క ఫారంలో రాయాలి అని. గింతదానికేంది అని పది అంకెలూ గడగడా చెప్పింది. నా నంబరు కూడా తీసుకుంది. ఎంటికలు మాత్రం మెట్ల మీద పడనియ్యొద్దు అని కూడా అంది. పడనియ్యనన్నాను.

తెల్లారి డ్యూటీ అయ్యాక ఆసుపత్రికి పోయి కొత్త నంబరు ఇచ్చాను. ఉన్నవి రెండే గడులు, పాతది తీసెయ్యాల్నా అని కంపౌండరు అడిగాడు. తీసెయ్యమన్నాను. ఆ ఒక్క మాట నోట్లోంచి రావడానికి చాలాసేపు పట్టింది. ఆయన తొందరపెట్టలేదు.

ఆ సాయంత్రం టీ పెట్టుకుంటుంటే నా ఫోను మోగింది. కుక్క తలెత్తి ఫ్రిజ్ మీదికి చూసింది, తర్వాత నా వైపు చూసింది. తెర మీద కిందింటి ఆమె నంబరు. కలుస్తుందో లేదో అని ఉత్తగనే చేసి ఉంటుంది. వెంటనే ఎత్తలేదు. ఎవరో నా కోసం చేస్తే నా ఇంట్లో ఫోను మోగడం ఎలా ఉంటుందో కాసేపు నిలబడి విన్నాను. ఇంకా ఆలస్యం చేస్తే మళ్ళీ భయపడి తలుపు కొడుతుందని గుర్తొచ్చి ఎత్తాను.